క్యాషియరు తీసిన సినిమాలు

తాడిపత్రి,
ఆదివారం

చి. ప్రసన్నకు నాయన ఆశీస్సులు.

పాపా, నువ్వు పంపిన స్క్రిప్టు ప్రింటు తీయించుకుని మొత్తం చదివినా. దాని సంగతి కింద రాస్తా. మొన్న ఫోనులో ఒక మాట అన్నావు చూడు, "బీకాం చదివి మూడేళ్లు దండగ చేసుకున్నా నాయనా, ఇక్కడందరూ సాహిత్యం చదివినోళ్లు, ఫిల్మ్ స్కూలు నుంచి వచ్చినోళ్లు" అని. ముందు దానికి జవాబు రాయాలి. ఫోనులో చెప్పబోతే "షాట్ రెడీ అంట నాయనా" అని పెట్టేస్తావు.

'మాయాబజార్' డైరెక్టరు కె.వి.రెడ్డి మన ఊరోడేనని నీకు చిన్నప్పటి నుంచి చెబుతానే ఉన్నా. నువ్వు ఊరి గొప్ప కింద తీసేసినావు గానీ ఆయన దారి ఎట్లా సాగిందో ఎప్పుడూ అడగలేదు. 1912లో ఇక్కడే తాడిపత్రిలో పుట్టినాడు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివింది ఫిజిక్సు. సినిమాల్లో అడుగు పెట్టింది క్యాషియరుగా! 'గృహలక్ష్మి' తీసిన రోహిణీ పిక్చర్స్ వాళ్ల దగ్గర డబ్బు లెక్కలు చూసినాడు. తర్వాత బి.ఎన్.రెడ్డి వాహినీ సినిమా కంపెనీ పెట్టినప్పుడు అక్కడ ప్రొడక్షన్ మేనేజరు. వాహినీలో డబ్బు పెట్టిన మూలా నారాయణస్వామిది కూడా మన ఊరే, ఇద్దరూ స్నేహితులు. 1943లో 'భక్త పోతన'తో డైరెక్టరయ్యేసరికి ఆయనకు ముప్పై ఏళ్లు.

ఆ మధ్య ఏళ్లలో ఆయన ఏం నేర్చుకుని ఉంటాడో నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేనూ జీవితమంతా చిట్టా ఆవర్జాలతోనే బతికినా. క్యాషియరు కుర్చీలో కూర్చున్నోడికి పని ఎక్కడ ఆగిందో అందరికంటే ముందు తెలుస్తుంది. ఏ రోజు సెట్లో వంద మంది ఊరికే భోంచేసి పోయినారో, ఏ సీను రెండోసారి తీయాల్సి వచ్చిందో, ఎవరి తొందరపాటుకు ఎంత ఫిల్ము తగలబడిందో ఓచర్లే చెబుతాయి. డైరెక్టరు మర్చిపోయినా ఓచరు మర్చిపోదు. అట్లాంటోడు తర్వాత మెగాఫోను పట్టుకుంటే ఎట్లా పని చేస్తాడో, అట్లాగే చేసినాడు ఆయన. స్క్రిప్టు పూర్తిగా కాగితం మీదికి రాకుండా షూటింగు మొదలుపెట్టేవాడు కాదు. నటులకు ముందే రిహార్సల్సు. చేతిలో స్టాప్‌వాచీ పెట్టుకుని ఏ సీను ఎంతసేపు నడవాలో, ఏ పాట ఎక్కడ ఆగాలో ముందే తేల్చుకునేవాడు. ఎడిటింగు టేబులు దగ్గర కూర్చుని ఏడ్చే బదులు రాసే బల్ల దగ్గరే కోతలు కోసుకున్నాడన్న మాట.

లెక్కల మనిషి తీస్తే సినిమా లెక్కల పుస్తకంలాగే ఉంటుందని అనుకోవద్దు. 'మాయాబజార్' ఇంకోసారి చూడు. ఈసారి స్క్రీన్‌ప్లే రాసేదానిలా, పక్కన కాగితం పెట్టుకుని చూడు. పింగళి నాగేంద్రరావు మాటల గురించి లోకమంతా మాట్లాడుతుంది, మాట్లాడాల్సిందే. స్క్రీన్‌ప్లే మాత్రం కె.వి.రెడ్డిది. పాండవుల ఇంటి పెళ్లి కథలో పాండవులు ఒక్కరూ తెర మీద కనపడరు, గమనించినావా? కనపడితే జూదం, అరణ్యవాసం, వాళ్ల ఏడుపు అంతా చూపించాలి, పెళ్లి కథ పక్కకు పోతుంది. అందుకని ఐదుగురినీ బయటే నిలబెట్టినాడు. వాళ్లు లేరని మూడు గంటల సేపు ఒక్కరికీ అనిపించదు.

ఇంకోటి, ప్రియదర్శిని పెట్టె. తెరిచినోళ్లకు తమకు ప్రియమైంది కనపడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు, రేవతికి నగలు, బలరాముడికి దుర్యోధనుడు. కృష్ణుడు తెరిస్తే శకుని! ఎవరి మనసు ఏందో చెప్పడానికి ఒక్క డైలాగూ అక్కర్లేకపోయింది. ఇప్పుడోళ్లయితే ఒక్కొక్కరికీ ఒక్కో ఇంట్రడక్షన్ సీను రాసి అరగంట తినేసేవాళ్లు. చివరికొచ్చేసరికి సత్యపీఠం. దాని మీదికెక్కిన శకుని మనసులోది దాచుకోలేక బయటికి కక్కేస్తాడు. మొదట్లో మనసును బొమ్మగా చూపించే పెట్టె, చివర్లో మనసును మాటగా బయటపెట్టే పీఠం, నడుమంతా మాయ. ఎవరో సెట్లో నిలబడి అప్పటికప్పుడు అనుకుంటే వచ్చే అమరిక కాదిది. ఘటోత్కచుడు కథ బాగా నడిచినాక గానీ రాడు, వచ్చినాక ఎస్.వి.రంగారావు సినిమానంతా ఎత్తుకుపోతాడు. అంత ఆలస్యంగా దింపాలంటే అప్పటిదాకా జనాన్ని కూర్చోబెట్టగలనన్న నమ్మకం ఉండాలి. కాగితం మీద నిమిషాలు లెక్కేసుకున్నోడికే ఆ నమ్మకం వస్తుంది.

మనిషిని ఎంచుకోవడంలోనూ ఆయన కన్ను అట్లాంటిదే. 'పాతాళభైరవి'లో హీరో తోటరాముడి వేషానికి ఎవరా అని వెతుకుతున్నప్పుడు, ఎన్.టి.రామారావు టెన్నిస్ ఆడుతూ రాకెట్టును విసురుగా నేలకేసి కొట్టడం చూసి, ఇతనే అనుకున్నాడని చెప్పుకుంటారు. ఆ సినిమా 1951లో వచ్చింది, మరుసటేడు మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చిత్రోత్సవానికీ పోయింది. 1954లో 'పెద్దమనుషులు', దాంతోనే డి.వి.నరసరాజు సినిమా రచయితయినాడు. అన్నపూర్ణ వాళ్లు కంపెనీ పెట్టుకుని, తమ మొదటి సినిమా ఆయనే తీయాలని ఆయనకు తీరికయ్యేదాకా కాచుకుని 'దొంగరాముడు' తీయించుకున్నారు. 1943 నుంచి 1971 దాకా ఆయన చేసినవి 14 సినిమాలే. నీ వయసోళ్లు మూడో ఏడుకే రెండో సినిమా అంటున్నారు, సంతోషం. నువ్వు మాత్రం తొందరపడొద్దు.

ఇక నీకు నచ్చని భాగం. అదే మనిషి, అదే స్టాప్‌వాచీ, అదే పద్ధతి. 1965లో 'సత్య హరిశ్చంద్ర' పోయింది. అదే ఏడు అదే కథను కన్నడంలో రాజ్‌కుమార్‌తో తీస్తే బ్రహ్మాండంగా ఆడింది. 1968లో 'ఉమా చండీ గౌరీ శంకరుల కథ' కూడా పోయింది. వరసగా దెబ్బలు తగిలేసరికి పిలిచేవాళ్లు తగ్గినారు. కొడుకును చదువుకు అమెరికా పంపడానికి డబ్బు కావాల్సిన రోజుల్లో ఎన్.టి.రామారావు పిలిచి 'శ్రీకృష్ణ సత్య' చేతిలో పెట్టినాడని అంటారు. 1971లో వచ్చిన ఆ సినిమానే ఆయన ఆఖరుది, మరుసటేడు సెప్టెంబరులో పోయినాడు. 'మాయాబజార్' తీసినోడికి పద్నాలుగేళ్లకు ఆ పరిస్థితి! నాకు తోచింది చెబుతా. పద్ధతి నీ సీను నిడివిని సరిచేస్తుంది, వరసను సరిచేస్తుంది, డబ్బు మిగులుస్తుంది. ఏ కథ చెప్పాలో మాత్రం అది చెప్పదు. జనం ఎటు నడుస్తున్నారో స్టాప్‌వాచీలో కనపడదు. ఆయనకే దొరకని జవాబు నాకెక్కడ దొరుకుతుంది, అందుకే దాని మీద నీకు సలహా ఇవ్వను.

సలహా ఇవ్వగలిగింది నీ స్క్రిప్టు మీద. మన నాపరాళ్ల పాలిషింగు ఫ్యాక్టరీని కథలో పెట్టినందుకు సంతోషం. కానీ పాపా, మిషను తిరుగుతుండగా సుజాత, మేస్త్రీ ఒకటిన్నర పేజీ మాట్లాడుకుంటారని రాసినావే, అది ఎట్లా కుదురుతుంది? నువ్వు సెలవుల్లో టిఫిన్ క్యారియరు తెచ్చి ఆఫీసు గదిలో కూర్చునేదానివి, షెడ్డులోకి నిన్ను రానిచ్చినవాళ్లం కాదు, అందుకని తెలీదు. మిషను ఆన్ చేసినాక పక్కనోడు చెవిలో అరిచినా వినపడదు. నీళ్లు, తెల్లటి రాతి బురద, ఆ మోత. అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. బొటనవేలు కిందికి చూపితే రాయికి పగులుందని. అరచేయి అడ్డంగా ఊపితే ఆపమని. మొహం తడుముకుంటే ఓనరు వస్తున్నాడని, ఆయన గడ్డానికి గుర్తు అది. జీతం మాట కరెంటు పోయినప్పుడే వస్తుంది. మిషను ఆగిన మొదటి నిమిషం ఎవరూ మాట్లాడరు, చెవుల్లో ఇంకా మోత తిరుగుతూనే ఉంటుంది కాబట్టి. సుజాత అడ్వాన్సు అడిగేది అప్పుడు అడగనీ, ఒక్క మాటలో. మిగతా పేజీ కొట్టెయ్యి.

ఆ సీను మీ అమ్మా నేనూ పైకి చదివినాం కూడా, ఫోనులో టైము పెట్టుకుని. అమ్మ సుజాత, నేను మేస్త్రీ. నాలుగు నిమిషాలు దాటింది. మధ్యలో అమ్మ "ఈ పిల్ల ఇంతసేపు నిలబడి మాట్లాడితే పని ఎవరు చేస్తారు?" అనింది. అవ్వ వంటింట్లో నుంచి ఎవరో కొట్లాడుకుంటున్నారని వచ్చి చూసింది. నువ్వూ నీ రూములో పిల్లలను కూర్చోబెట్టి మొత్తం స్క్రిప్టు ఇట్లాగే చదివించు. మీవాళ్లు పేజీకి నిమిషమని లెక్కేస్తారంట గానీ నీ పేజీలు అట్లా లేవు. కొన్ని పేజీలు ముప్పై సెకన్లకే అయిపోతున్నాయి, కొన్ని మూడు నిమిషాలు ఈడుస్తున్నాయి.

మూడు చోట్ల "ఇక్కడ ఎమోషనల్ సీన్, సెట్‌లో చూసుకోవాలి" అని వదిలేసినావు. అది నాకు అస్సలు నచ్చలేదు. కథకు కీలకం ఆ మూడు సీన్లే, వాటినే రాయకుండా తప్పించుకున్నావు. సెట్‌లో నీ చుట్టూ నలభై మంది నిలబడి ఉంటారు, సూర్యుడు దిగిపోతుంటాడు, మేనేజరు గడియారం చూస్తుంటాడు. అప్పుడు నీకు తోచేది నువ్వు ఇదివరకే చూసిన ఏదో సినిమాలో సీనే.

నీ చేతి ఖర్చు కోసం, రూము అద్దె కోసం ఒకటి చెబుతా, కోప్పడొద్దు. మనకు తెలిసిన రెండు దుకాణాల వాళ్లు నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసిపెట్టే మనిషి కావాలంటున్నారు. నీ ల్యాప్‌టాప్ మీద నెలకు మూడు నాలుగు రోజుల పని. బీకాం దండగ కాలేదని నీకూ తెలుస్తుంది, అవకాశం కోసం ఎవరి ముందూ నవ్వు పులుముకుని నిలబడాల్సిన పనీ ఉండదు. ఎప్పుడైనా ప్రొడక్షన్ వైపు పని దొరికితే కూడా వద్దనకు. డైరెక్షన్ డిపార్ట్‌మెంటు పిల్లలు దాన్ని చిన్నచూపు చూస్తారని నువ్వే చెప్పినావు. చూడనీ.

ఇక నువ్వు సీన్లు రాసిచ్చిన ఆ కంపెనీ సంగతి. టైటిల్సులో పేరు వేయలేదు, డబ్బు రేపు మాపు అంటున్నారు, నువ్వేమో "ఇక్కడ అంతా ఇట్లాగే నాయనా" అని ఊరుకున్నావు. ఊరుకోవద్దు. ఈ కొత్త స్క్రిప్టు ఎవరికైనా వినిపించే ముందు తెలుగు సినీ రచయితల సంఘంలో రిజిస్టరు చేయించు, ఆ రసీదు నాకు ఫోటో తీసి పంపు. వినిపించిన ప్రతి చోటా తేదీ, ఎవరు విన్నారు, ఏమన్నారు అని ఒక నోటు పుస్తకంలో రాసుకో. పాత సీన్లకు మాత్రం మర్యాదగానే ఒక మెయిలు పెట్టు, ఏ సీన్లు, ఏ తేదీల్లో ఇచ్చినావో వరసగా రాసి. ఇన్‌వాయిస్ నమూనా నేను తయారు చేసి పంపుతున్నా, నీ పాన్ నంబరు, బ్యాంకు వివరాలు నింపి దానికి జతచెయ్యి. డబ్బు ఇచ్చేటప్పుడు టీడీఎస్ కింద పన్ను కోసుకుంటే ఆ సర్టిఫికెట్ అడిగి తీసుకో. బుధవారం లోపల పంపు, పంపినాక ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ నాయన