డ్రాక్యులా చదివితే విశ్వాసం పోతుందా?

ఎడిటర్ గారికి నమస్కారం.

రెండు వారాల కింద మీ ఉత్తరాల పేజీలో ఒకాయన, క్రైస్తవ ఇళ్ళలో పిల్లలు వాంపైర్ (రక్తపిశాచి) నవలలు చదివి చెడిపోతున్నారని, అలాంటి పుస్తకాన్ని ఇంట్లోకి రానివ్వడమంటే సైతానుకు కుర్చీ వేసి కూర్చోబెట్టడమేనని రాశారు. మరుసటి వారం ఇంకొకరు దానికి జవాబిస్తూ, క్రైస్తవ సస్పెన్స్ నవలలు మాత్రం ఏం గొప్ప, అవి కథలు కావు, ప్రసంగాలు అన్నారు. రెండూ చదివి నాకు కొంచెం నవ్వొచ్చింది, కొంచెం గిల్టీగానూ అనిపించింది. ఎందుకంటే నేను ఆ రెండు రకాలూ చదువుతాను, రెండూ దాచుకునే చదువుతాను. ఆఫీసు వాళ్ళకి కనబడకుండా క్రైస్తవ నవలకి అట్ట వేస్తాను, చర్చి సంఘం వాళ్ళకి కనబడకుండా వాంపైర్ నవలకి అట్ట వేస్తాను. అట్ట మాత్రం రెండిటికీ మీ పేపరే.

మాది మెట్టుగూడ. తాతల కాలం నుంచి ప్రొటెస్టెంట్ కుటుంబం, సండే స్కూల్లో పదేళ్ళు పాఠాలు కూడా చెప్పాను. మూడేళ్ళ కింద ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆబిడ్స్ వెళ్ళాను. షాపులు మూసి ఉంటాయి కాబట్టి ఆ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ ఎంట్రన్స్ గైడ్లకీ ఒక చిరిగిన వంటల పుస్తకానికీ మధ్య డ్రాక్యులా కనబడింది. వంద అన్నాడు, అరవైకి ఇచ్చాడు. చేతిలో ఉన్నది బైబిల్ సంచి. అందులో పెట్టాలా వద్దా అని అక్కడే నిలబడి చాలాసేపు ఆలోచించి, చివరికి విడిగా పాలిథిన్ కవర్ అడిగి తీసుకున్నాను. నలభై ఆరేళ్ళ మనిషిని, ఒక పాత పుస్తకానికి అంత టెన్షన్ పడ్డాను.

ఆ టెన్షన్ పుస్తకం లోపల కూడా ఉందని తర్వాత తెలిసింది. బ్రామ్ స్టోకర్ డబ్లిన్‌లో ప్రొటెస్టెంట్ ఇంట్లో పుట్టినవాడు, లండన్‌లో ఒక థియేటర్‌కి మేనేజర్‌గా చేస్తూ 1897లో ఈ నవల తెచ్చాడు. హార్కర్ అనే కుర్ర లాయరు పని మీద ట్రాన్సిల్వేనియా వెళ్తాడు. కోటకి బయల్దేరేముందు అతను దిగిన హోటల్ ఓనరు భార్య, ముసలామె, వెళ్ళొద్దని మోకాళ్ళ మీద పడి ఏడ్చి, తన మెడలోని, ప్రభువు బొమ్మ ఉన్న సిలువ తీసి చేతికిస్తుంది. అతనికి ఏం చేయాలో తోచదు. ఇంగ్లండ్ చర్చిలో ప్రొటెస్టెంట్‌గా పెరిగినవాడు, ఇలాంటివి ఒకరకంగా విగ్రహారాధనే అని నేర్పించి పెంచారు. కానీ అంత మంచి మనసుతో ఇస్తుంటే వద్దనడం ఎలా? ఆమే అతని మొహం చూసి, మీ అమ్మ కోసమైనా ఉంచుకో నాయనా అన్నట్టుగా జపమాలతో సహా మెడలో వేస్తుంది.

ఇది చదివి నేను పుస్తకం మూసి కిటికీలోంచి బయటికి చూశాను. అది అచ్చం మా ఇల్లు! మా ఇంట్లో గుమ్మం పైన సిలువ ఉంది, కానీ దాని మీద ప్రభువు బొమ్మ ఉండదు. ఆర్.సి.ఎం. (రోమన్ క్యాథలిక్) ఫ్రెండ్ ఒకామె వేళాంకణి నుంచి తెచ్చిన జపమాల నాకిస్తే అమ్మ దాన్ని పారేయలేదు, వాడనివ్వనూ లేదు, బీరువాలో పాత పట్టుచీరల కింద పెట్టింది. వెనక్కి ఇస్తే ఆ పిల్ల బాధపడదూ అంది. నూట పాతికేళ్ళ నాటి ఇంగ్లీషు లాయరు మొహమాటం మా అమ్మకి ఉన్నదే.

తర్వాత సీను నేను మెట్రోలో ప్యారడైజ్ దాటాక చదివాను. హార్కర్ కోటలో చిన్న అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటుంటాడు. వెనక నుంచి ఆ కోట యజమాని కౌంట్ డ్రాక్యులా వచ్చి పలకరిస్తాడు, అద్దంలో మాత్రం గది తప్ప ఇంకెవరూ ఉండరు. ఉలిక్కిపడి గీరుకుంటాడు, గడ్డం మీదుగా నెత్తురు కారుతుంది. దాన్ని చూడగానే కౌంట్ కళ్ళు మండిపోయి గొంతు పట్టుకోబోతాడు, చేయి మెడలోని పూసలకి తగులుతుంది, అంతే, ఆ కోపం అసలు రానట్టే దిగిపోతుంది. నేను దిగాల్సింది బేగంపేటలో. అమీర్‌పేట వెళ్ళి వెనక్కి రావాల్సి వచ్చింది.

ఇప్పుడు ఆ మొదటి ఉత్తరం రాసిన పెద్దమనిషికి నా మాట. అయ్యా, మీరు చెప్పే పుస్తకాలు ఏవో నాకు తెలుసు. మా అక్క కూతురు చదివేవాటిలో వాంపైర్లు ఎండలో మెరుస్తాయి, హైస్కూల్‌కి వెళ్తాయి, వాటి గురించి నాకూ పెద్ద గౌరవం లేదు. కానీ డ్రాక్యులా అలా కాదు. లేవీయకాండములో 'రక్తము దేహమునకు ప్రాణము' అని ఉంది చూడండి, ద్వితీయోపదేశకాండములో ఇంకా సూటిగా 'రక్తము ప్రాణము' అని ఉంది, అందుకే దాన్ని తినకూడదని. ఈ నవలలో రెన్‌ఫీల్డ్ అనే పిచ్చివాడు ఆ మాటనే పట్టుకుని, తినకూడదన్న సంగతి వదిలేసి, ఈగలతో మొదలుపెట్టి సాలీళ్ళు, పిచ్చుకల దాకా తింటూ పోతాడు. వాక్యాన్ని సగం చదివితే ఏమవుతుందో సండే స్కూల్లో నేను పదేళ్ళు చెప్పినా అంత బాగా చెప్పలేకపోయాను.

అన్నీ ఒప్పుకోను. వాన్ హెల్సింగ్ అనే డచ్ ప్రొఫెసర్ దివ్యసత్ప్రసాదాన్ని, అంటే ఆశీర్వదించిన అప్పాన్ని, పొడి చేసి ముద్దలో కలిపి, పిశాచం లోపలికి పోకుండా సమాధి తలుపు సందులకి పూస్తాడు. ఇది ఆ ఆర్.సి.ఎం. ఫ్రెండ్‌కి చెప్తే, అలా పుట్టీలాగా పూయడానికి ఏ పోపూ పర్మిషన్ ఇవ్వడు అని నా మీద కోప్పడింది, రాసింది నేనైనట్టు.

రెండో ఉత్తరం ఆయన మాటలో కొంత నిజం ఉంది. క్రైస్తవ సస్పెన్స్‌లో చాలా వాటికి ముప్ఫయ్యో పేజీకే ఎవరు మారుమనస్సు పొందుతారో ఎవరు పోతారో తెలిసిపోతుంది, ఇంక సస్పెన్స్ ఎక్కడిది. కానీ అన్నీ అలా ఉండవు. ఫ్రాంక్ పెరెట్టి 1986లో రాసిన నవలలో ఒక చిన్న అమెరికన్ ఊరి పైన దేవదూతలూ దయ్యాలూ కత్తులతో యుద్ధం చేస్తుంటారు, కింద మనుషులు ప్రార్థన చేస్తేనే పైన దూతలకి బలం వస్తుంది. మా ఉపవాస ప్రార్థనలో ముసలమ్మలు తెల్లవార్లూ ఎందుకు కూర్చుంటారో నాకు బొమ్మ కట్టినట్టు కనబడింది. రెండు రాత్రుల్లో పూర్తి చేశాను. ఇబ్బంది ఆ తర్వాత మొదలైంది. ఆ నవలలో ధ్యానం, విశ్వచైతన్యం అంటే చాలు, దయ్యాలకు తలుపు తీసినట్టే. మా పక్కింటి ఆంటీ రోజూ పొద్దున్నే టెర్రస్ మీద ప్రాణాయామం చేస్తుంది. నాకు డెంగీ వచ్చినప్పుడు పది రోజులు క్యారియర్ పంపింది, దసరాకి పులిహోర ఇప్పటికీ వస్తుంది. పుస్తకం మూసిన మర్నాడు ఆమె గుడ్ మార్నింగ్ అంటే నేను సరిగ్గా మొహం కూడా చూడలేకపోయాను. వారం పట్టింది నాకు మామూలు మనిషిని కావడానికి. డ్రాక్యులా చదివి నేను ఏ మనిషినీ అలా చూడలేదు.

అసలు నేను రాయాలనుకున్నది ఇదే. డ్రాక్యులాలో హార్కర్ భార్య మీనాని కౌంట్ కొరికి రక్తం తాగి పాడుచేస్తాడు. ఆశీర్వదించిన అప్పం నుదుటికి తాకిస్తే చర్మం కాలి మచ్చ పడుతుంది. 'అపవిత్రం' అని ఏడుస్తుంది, లేవీయకాండములో కుష్ఠరోగి ఊరి బయట అరవాల్సిన మాట అది. భర్త ఆ కౌంట్ ఆత్మ నరకంలో కాలిపోవాలని రగిలిపోతుంటే ఆ మచ్చతోనే ఆమె, అందరికంటే దీనస్థితిలో ఉన్నవాడు అతనే, అతని మీద కూడా జాలి పడండి, రేపు నాకూ ఆ జాలి కావాల్సి రావచ్చు అంటుంది. చివర్లో కౌంట్ దుమ్మైపోయే క్షణంలో అతని మొహంలో శాంతి కనబడిందని ఆమే రాస్తుంది. 'మీ శత్రువులను ప్రేమించుడి' అని మేము వినే మాట, నేను చదివిన క్రైస్తవ సస్పెన్స్ నవలల్లో ఏ విలన్ దగ్గరా ఇంతగా కనబడలేదు. నాకు దొరికింది ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అరవై రూపాయల పుస్తకంలో. ఇది ఒప్పుకోవడానికి నాకే మనసు రావడం లేదు, అందుకే మూడేళ్ళు పట్టింది.

మధ్యలో ఒక మాట. టెడ్ డెక్కర్ అనే ఇంకో క్రైస్తవ రచయిత 2010లో రక్తపిశాచుల్లాంటి వాళ్ళ మీదే నవల రాశాడు, మోల్డావియాలో ఒక కుటుంబానికి కాపలా వచ్చిన సైనికుడి కథ. దాని పేరు కౌపర్ అనే ఇంగ్లీషు కవి పాటలోంచి తీసుకున్నది. ఏ పాటో తెలుసా? మేము ప్రభువు బల్ల, అంటే ఆయన శరీరరక్తాల గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆదివారాలు పాడే 'ఇమ్మానుయేలు రక్తము'. పాట పాడుతూ, వేలంత గాజు గ్లాసులో ద్రాక్షరసం చేతిలో పట్టుకుని, ఈ మాటతో వాంపైర్ నవల వచ్చిందని గుర్తొచ్చి ఒకసారి నాకు చేయి వణికింది. భయమో భక్తో చెప్పలేను. పాస్టర్ అయ్యగారికి చెప్పలేదు.

మన తెలుగులో ఇలాంటివి ఎవరైనా రాయాలి, అదీ మన ఊళ్ళో జరిగేట్టు. బేతాళ కథల్ని 1870లో బర్టన్ అనే దొర ఇంగ్లీషులో వేసినప్పుడు మన బేతాళుణ్ణి వాంపైర్ అనేశాడు, మనవాడు రక్తం తాగడు పాపం, చెట్టుకి వేలాడుతూ చిక్కు ప్రశ్నలు వేస్తాడు. ప్రశ్నలు వేసే పిశాచం ఉన్న భాషలో, సందేహం ఉన్న విశ్వాసి కథ రాయడం అంత కష్టమా? మీ ఆదివారం పుస్తకాల పేజీలో ఇలాంటి నవలలకీ నెలకోసారైనా చోటిస్తే బాగుంటుంది.

ఇంక అమ్మ సంగతి. పోయిన నెల అట్ట ఊడి పుస్తకం దొరికిపోయింది. "రక్తం తాగుడేందే, ఇంట్లకు ఇసొంటివి తెస్తవా" అని గంటసేపు తిట్టింది. తర్వాత కథ చెప్పమంది. చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ రోజుకింత వింటోంది, మీనా నుదుటి మచ్చ దగ్గరికి వచ్చాం. నిన్న నేను ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే "ఆ పిల్ల మచ్చ పోతదా పోదా, అది చెప్పు ముందు" అంది. ఇంకా చెప్పలేదు. పుస్తకాన్ని మాత్రం బైబిల్ ఉన్న అలమారలో పెట్టనివ్వడం లేదు.

దయచేసి నా పేరు వేయకండి, మా సంఘంలో చాలా ఇళ్ళకి మీ పేపరే వస్తుంది.

– ఒక పాఠకురాలు, మెట్టుగూడ, సికింద్రాబాద్