వీపు మీద కారే గడ్డిమందు

సంపాదకుడు గారికి,

వానలు పడ్డాక మా పొదలకూరు వైపు నిమ్మతోటల్లో గడ్డి మోకాలెత్తు లేస్తుంది. కూలీలతో తీయిద్దామంటే మనుషులు దొరకరు, దొరికినా గిట్టదు. అందుకే అందరం గడ్డిమందుకు అలవాటుపడ్డాం. కాబట్టి ఈ ఉత్తరంలో చెప్పబోయే తప్పు ముందు నాదే.

మా తోటలో ఏటా మందు కొట్టే అతను మడిచి కట్టిన లుంగీతో, వట్టి కాళ్లతో దిగుతాడు. వీపున మోసే పంపు మూత దగ్గర వాషర్ అరిగిపోయి మందునీళ్లు వీపు మీదుగా నడుము దాకా కారేవి. కిందటేడు అతని వీపు, తొడలు పొక్కి తోలు ఊడింది. చేతి గోళ్లు తెల్లబడి రెండు ఊడిపోయాయి. "వేడి చేసిందిలే అన్నా, మజ్జిగ తాగితే పోద్ది" అన్నాడు. నేనూ కాబోలు అనుకున్నాను. మూడో రోజు మళ్లీ పంపు ఎత్తుకున్నాడు.

తర్వాత డబ్బా తీసి చదివాను. పారాక్వాట్ డైక్లోరైడ్ 24 శాతం, పసుపు ముక్కోణం. విషం ఎంత ఘాటో చెప్పే రంగుల వరసలో ఎరుపు తర్వాత అదే. ఇది తాగితే బతకడం కష్టమని ఊళ్లో పిల్లలకూ తెలుసు, ఒంటి మీద పడితే సంగతే ఎవరికీ పట్టదు. గాయాలు లేని చర్మం గుండా ఇది పెద్దగా లోపలికి పోదట. నిమ్మతోటలో పనిచేసేవాడికి ముల్లు గీరని చెయ్యి ఎక్కడుంది? పైగా తడిసిన బట్ట గంటలకొద్దీ ఒంటికి అంటుకుని ఉంటే మందే చర్మాన్ని తినేసి దారి చేసుకుంటుంది. ఆపైన మూత్రపిండాలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. విరుగుడు లేదు. యూరోపియన్ యూనియన్‌లో 2007లో, కేరళలో 2011లో దీన్ని నిషేధించారు.

చట్టం లెక్కలో గడ్డిమందు కూడా పురుగుమందే. చల్లేవాళ్లకు రక్షణ దుస్తులు ఉండాలని 1971 నాటి నిబంధనల్లోనే ఉంది. నేను మందు కొన్న కొట్లో గ్లౌజులు అడిగితే నవ్వి, మెడికల్ షాపుకు పొమ్మన్నారు. డబ్బాతో ఇచ్చే కాగితంలో తెలుగు ఉంది గానీ, చీమ తలకాయంత అక్షరాలు.

వ్యవసాయ శాఖ వారిని అడిగేది పెద్దదేం కాదు. గ్లౌజులు పెట్టని కొట్టులో గడ్డిమందు అమ్మనివ్వకండి. రైతు సేవా కేంద్రాల్లో రబ్బరు బూట్లు, వీపుకు కట్టుకునే ప్లాస్టిక్ షీటు, పంపు వాషర్లు దొరికేలా చూడండి. ఒళ్లు పొక్కిందని పీహెచ్‌సీకి వచ్చిన కూలీకి దురద ఆయింట్‌మెంట్ ఇచ్చి పంపేముందు, ఏం మందు కొట్టావని అడిగి రాసుకుంటే చాలు.

తోటలున్న మేము చేయాల్సిందీ ఉంది. బట్ట తడిసిన వెంటనే విప్పి సబ్బుతో ఒళ్లు కడుక్కోవాలి, సాయంత్రం ఇంటికెళ్లాక కాదు. బోరు పక్కనే ఉంటుంది, సబ్బుబిళ్ల మనం పెట్టలేమా?

ఈసారి వాషర్ మార్పించి, నెల్లూరు నుంచి గ్లౌజులు తెచ్చాను. చెమటకు చిరాగ్గా ఉందని రెండో రోజే అతను వాటిని తీసి గట్టున పెట్టాడు. అందుకని ఎండ ముదరకముందే పని ఆపేలా మాట్లాడుకున్నాం. కూలి మాత్రం రోజంతటిదీ ఇస్తున్నాను.

ఇట్లు,
ఒక నిమ్మ రైతు,
పొదలకూరు మండలం, నెల్లూరు జిల్లా