ఆ పక్షి లోపల ఉన్నది మనిషి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పిల్లల పేజీలో అమెరికా టెలివిజన్ కార్యక్రమం ‘సెసమీ స్ట్రీట్’ గురించి రాస్తూ, అందులోని పసుపు పక్షి బిగ్ బర్డ్‌ను యంత్రంతో ఆడే బొమ్మగా పేర్కొన్నారు. అది పొరపాటు. 1969లో కార్యక్రమం మొదలైనప్పటి నుంచి దాదాపు యాభై ఏళ్లు ఆ పాత్రకు ప్రాణం పోసినవారు కెరోల్ స్పిన్నీ అనే బొమ్మలాట కళాకారుడు.

8 అడుగుల 2 అంగుళాల ఆ పక్షి తల ఆడాలంటే స్పిన్నీ కుడిచేతిని నెత్తికి పైగా నిటారుగా ఎత్తి పట్టుకుని, వేళ్లతో ముక్కును తెరుస్తూ మూస్తూ, చిటికెన వేలితో కనురెప్పలను కదిలించాలి. ఎడమచేయి ఎడమ రెక్కలో ఉండేది. కుడి రెక్కలో చేయి లేదు గనుక దాన్ని గాలపు దారంతో ఎడమ రెక్కకు కలిపారు. ఒకటి దిగితే రెండోది లేచేది. వేషానికి కంటి రంధ్రాలు లేవు. ఛాతీకి కట్టుకున్న బుల్లి టీవీలో కెమెరా చూపే దృశ్యాన్ని చూసుకుంటూ ఆయన నడిచేవారు, అదీ అద్దంలోలా కాక, తాను కుడికి కదిలితే తెరపై ఎడమకు కదిలినట్టు కనిపించే దృశ్యం. సంభాషణల కాగితాలు లోపలే అంటించి ఉండేవి. ఇంత అవస్థలో పాట కూడా పాడేవారంటే నమ్మడం కష్టమే.

మొదట్లో బిగ్ బర్డ్‌ను తెలివితక్కువ పల్లెటూరి వాడిగా ఊహించారు. పసిపిల్లవాడిగా మారిస్తే బాగుంటుందని సూచించింది స్పిన్నీయే. చెత్తడబ్బాలో ఉండే చిరాకు ఆస్కార్ పాత్ర కూడా ఆయనదే; ఆ గొంతును న్యూయార్క్ టాక్సీ డ్రైవరు ఒకరి మాట తీరు నుంచి పట్టుకున్నారు.

కార్యక్రమంలో దుకాణదారు హూపర్ వేషం వేసిన విల్ లీ 1982లో మరణించగా, మరుసటి ఏడాది ఆ మరణాన్నే కథలో పిల్లలకు చెప్పారు. తాను గీసిన బొమ్మలను అందరికీ పంచుతూ, హూపర్ బొమ్మ ఇవ్వడానికి ఆయన ఎక్కడని బిగ్ బర్డ్ అడుగుతుంది. ఆ బొమ్మలను నిజంగా గీసింది స్పిన్నీయే. నా దృష్టిలో పిల్లల టెలివిజన్‌లో అంతటి నిజాయితీ అరుదు.

శరీరం సహకరించక 2015లో వేషం మానినా, 2018 దాకా గొంతు ఇస్తూనే ఉన్నారు. 2019 డిసెంబరు 8న, 85 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

దయచేసి వచ్చే ఆదివారం అదే పేజీలో, పిల్లల కంటపడేలా, ఆయన పేరు తెలుపుతూ సవరణ ప్రచురించగలరు.

ఇట్లు,
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం