వార్షిక నివేదిక: ఇస్తాంబుల్‌లో ఒక శుక్రవారం, మిగతా ఏడాది

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

నెలవారీ సమావేశాలు, పుస్తకాల మార్పిడి, ఆదివారం నడకలు ఈ ఏడాది కూడా ఎప్పటిలాగే జరిగాయి. హాజరు వివరాలు నోటీసు బోర్డులో ఉన్నాయి కాబట్టి ఇక్కడ మళ్ళీ రాయడం లేదు. కార్యవర్గంలో మార్పేమీ లేదు. కొత్త సంగతల్లా పోయిన సర్వసభ్య సమావేశంలో మీరు ఒప్పుకున్న విదేశీ యాత్ర ఒక్కటే. అందులోనూ అందరూ అడుగుతున్నది ఇస్తాంబుల్ పాత నగరంలో తిరిగిన శుక్రవారం గురించే. వెళ్ళినవాళ్ళు తలో రకంగా చెబుతున్నారు, వెళ్ళనివాళ్ళేమో అసలు ఏం జరిగిందో తేల్చమంటున్నారు. అందుకని నివేదికలో ఎక్కువ చోటు ఆ రోజుకే పోయింది.

ముందుగా నా తప్పు. ఆ రోజు కార్యక్రమం వేసింది నేనే. ఒక్క రోజులో ఏడు చోట్లు పెట్టాను. మ్యాపులో చూస్తే చాలావరకు పక్కపక్కనే ఉన్నాయి. అందులో అబద్ధం కూడా లేదు, హాగియా సోఫియా ముందు నిలబడితే ఎదురుగా సుల్తాన్ అహ్మద్ మసీదు మినార్లు కనిపిస్తాయి. కానీ పద్దెనిమిది మంది కలిసి కదలడానికి పట్టే టైము ఏ మ్యాపూ చెప్పదు. ఒకరికి బాత్రూం, ఒకరికి ఫోటో, ఒకరికి పిల్లి. ఆ ఊళ్ళో ఏ గోడ మీద చూసినా పిల్లే. మన ఉపాధ్యక్షురాలు ఒక్కదాన్ని కూడా పలకరించకుండా వదల్లేదు.

పొద్దున్నే హాగియా సోఫియా. మ్యూజియంగా ఉన్న దాన్ని 2020లో తిరిగి మసీదుగా మార్చాక కొన్నాళ్ళు టికెట్ లేదు. 2024 జనవరి నుంచి విదేశీ పర్యాటకులకు పెట్టారు, తలకి 25 యూరోలు. కింది అంతస్తు ప్రార్థనకే, మనల్ని పై వసారాలోకి మాత్రమే పంపుతారు. తలకి 25 అని విని కోశాధికారి గారు పద్దెనిమిదితో హెచ్చవేసి కాసేపు మాట్లాడలేదు. పైకి వెళ్ళాక మాత్రం గుమ్మటాన్ని చూస్తూ అందరికంటే ఎక్కువసేపు నిలబడింది ఆయనే. రోమన్ చక్రవర్తి జస్టీనియన్ 532లో చర్చిగా మొదలుపెట్టించి 537కల్లా పూర్తి చేయించిన కట్టడం అది. గుమ్మటం వెడల్పు 31 మీటర్ల పైచిలుకు. దాని అంచు చుట్టూ నలభై కిటికీలు. వాటిలోంచి వెలుతురు పడుతుంటే గుమ్మటం గోడల మీద ఆనినట్టే ఉండదు. మొదట కట్టిన గుమ్మటం 558లో భూకంపాల దెబ్బకి కూలింది, తర్వాత ఇంకాస్త ఎత్తుగా కట్టారు. మా వాళ్ళు వీటన్నిటికంటే ఎక్కువగా చెప్పుకుంటున్నది పాలరాతి పిట్టగోడ మీది గీతల గురించి. వెయ్యేళ్ళ కిందట ఉత్తర ఐరోపా నుంచి వచ్చిన వైకింగ్ సిపాయి ఎవడో ఏమీ తోచక తన పేరు చెక్కిపోయాడు. చూసిన చోటల్లా పేరు గీకే రోగం నిన్న మొన్నటిది కాదన్నమాట.

అక్కడి నుంచి సుల్తాన్ అహ్మద్ మసీదు, అందరూ బ్లూ మాస్క్ అనేది. గేటు దగ్గర ఆపేశారు. ఆ రోజు శుక్రవారం, మధ్యాహ్నం ప్రార్థన అయ్యాకే సందర్శకులకు ప్రవేశం. ఇది రహస్యమేమీ కాదు, బోర్డు మీద రాసే ఉంటుంది. నేనే చూసుకోలేదు. ఎవరూ పైకి అనలేదు గానీ పద్దెనిమిది మందీ నావైపు చూసిన చూపు మాత్రం గుర్తుంది.

అలా దొరికిన ఖాళీలో హిప్పోడ్రోమ్ మైదానం చూశాం. జాబితాలో దానికి పది నిమిషాలు రాసి పెట్టాను. ఇప్పుడు అడిగితే దానికే ఒక పూట ఇచ్చేవాణ్ణి. ఒకప్పుడు రథాల పందేలు జరిగిన చోటు. ఈజిప్టు ఫరో మూడో థుట్మోస్ చెక్కించిన ఏకశిలా స్తంభం అక్కడ ఉంది, దాదాపు 3,500 ఏళ్ళనాటిది. థియోడోసియస్ చక్రవర్తి 390లో దాన్ని అక్కడ నిలబెట్టించాడు. అక్షరాలు నిన్న చెక్కినట్టున్నాయి. చుట్టూ కంచె ఉందే తప్ప టికెట్ లేదు. కోశాధికారి గారు ఈ యాత్రలో నచ్చిన చోటు ఇదేనని రాతపూర్వకంగా ఇచ్చారు.

అసలు గొడవ బసిలికా సిస్టెర్న్ దగ్గర. భూమిలోపల కట్టిన నీళ్ళ తొట్టి అది, అదీ జస్టీనియన్ కాలానిదే. 336 స్తంభాలు, వరసకి 28 చొప్పున 12 వరసలు. కిందికి యాభైకి పైగా మెట్లు. మోకాళ్ళ నొప్పులున్న ఐదుగురు మేం దిగలేం అన్నారు. మీరు చూసి రండి, ఇక్కడే ఉంటాం అని గుమ్మం దగ్గర కూర్చున్నారు. దిగినవాళ్ళం చీకట్లో, మసక దీపాల వెలుగులో చల్లగా తిరిగాం. చివర్న రెండు స్తంభాల కింద మెడూసా (గ్రీకు కథల్లో జుట్టుకి బదులు పాములుండే ఆవిడ) రాతి తలలు ఉన్నాయి, ఒకటి తలకిందులుగా, ఒకటి పక్కకి ఒరిగి. ఎక్కడో పాత కట్టడంలోంచి తెచ్చి పునాదిరాయిగా వాడేసుకున్నారు. దాన్ని చూస్తూ టైము మర్చిపోయాం. బయటికొచ్చే దారి వేరే వీధిలో తేలుతుందని మాలో ఎవరికీ తెలీదు. మేం ఇక్కడ వాళ్ళకోసం, వాళ్ళు అక్కడ మాకోసం. ఫోన్ చేద్దామంటే ఆ ఐదుగురిలో ఒక్కరి దగ్గరే అక్కడ పనిచేసే సిమ్ ఉంది, ఆ ఫోను ఫోటోలు తీయమని ఇచ్చేసి మా చేతిలోనే పెట్టారు. ముప్పావు గంట టెన్షన్. చివరికి ఒక పెద్దావిడ కోపంగా చేతికర్ర ఊపుకుంటూ మూల తిరిగి వస్తుంటే ప్రాణం లేచొచ్చింది. ఆవిడ తిట్లు మినిట్స్‌లో నమోదు చేయలేదు.

మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక బ్లూ మాస్క్ లోపలికి వెళ్ళాం. 1616లో పూర్తయింది, ఆరు మినార్లు, లోపల ఇజ్నిక్ అనే ఊళ్ళో చేసిన రంగుల పింగాణీ పలకలే ఇరవై వేలకి పైగా. బాగుంది. కానీ అప్పటికే కాళ్ళు ఊరుకోవడం లేదు. తోప్కాపీ రాజప్రాసాదం, గ్రాండ్ బజార్, గలాటా టవర్ మిగిలిపోయాయి. బజారు వదిలేద్దామన్నప్పుడు గొడవ అవుతుందనుకున్నాను. "ఎక్కడైనా కూర్చోబెట్టండి బాబూ" అని ఒకరన్నారు, మిగతావాళ్ళు వెంటనే తలలూపారు.

ట్రామెక్కి ఎమినోను రేవుకి వెళ్ళి ఉస్కుదార్ ఓడ ఎక్కాం. ట్రాముకి, ఓడకి అదే రవాణా కార్డు, ఒకే కార్డుని కొందరు కలిసి మనిషికోసారి తాకించి వాడుకోవచ్చు. ఓ పావుగంట ప్రయాణంలో యూరప్ నుంచి ఆసియాకి చేరతాం. వెనక మినార్లు, పక్కన సీగల్ పక్షులు, ముందు నీళ్ళ మధ్యలో కిజ్ కులేసి బురుజు. ఓడలో చిన్న నడుము గాజు గ్లాసుల్లో పాలు లేని టీ అమ్ముతారు. అక్కడా దాన్ని చాయ్ అనే అంటారు, అడగడానికి ఇంకో మాట వెతుక్కోనక్కర్లేదు. దిగి ఏదో చూద్దామని ఎవరూ అనలేదు. అవతలి రేవులో దిగి మళ్ళీ కార్డు తాకించి, అలాగే ఇవతలికి వచ్చి, ఇంకోసారి వెళ్ళాం. యాత్ర అభిప్రాయ పత్రాల్లో ఏ చోటు నచ్చింది అన్న గడిలో ఎక్కువమంది రాసింది ఓడ అనే. అది నా జాబితాలో లేనే లేదు.

కార్యవర్గం తీసుకున్న నిర్ణయాలు మీ ఆమోదం కోసం పెడుతున్నాం. వచ్చే యాత్రలో రోజుకి మూడు చోట్లకి మించి ఉండవు. సెలవు రోజులు, ప్రార్థన వేళలు ఇద్దరు వేర్వేరుగా సరిచూడాలి. ఎక్కడికి దిగినా బయటికొచ్చే దారి ఎటో ముందే అడగాలి, విడిపోయే ప్రతి గుంపులో పనిచేసే ఫోన్ ఒకటి ఉండాలి. జాబితా వేసే పని కార్యదర్శికి ఒక్కడికే వదలకూడదన్న సవరణ నేనే ప్రతిపాదించాను.

ఆడిట్ అయిన లెక్కలు విడిగా జతచేశాం. మిగిలిన లీరా నాణేలు కోశాధికారి గారి దగ్గర కవర్లో ఉన్నాయి, ఎవరికైనా గుర్తుగా కావాలంటే అడగండి. ఓడలో సీటు మీద దొరికిన బూడిదరంగు చున్నీ ఆఫీసు బీరువాలో ఉంది. మన గుంపులో ఎవరిదీ కాదంటున్నారు. ఎవరిదో గుర్తొస్తే వచ్చి తీసుకోగలరు.

ఇట్లు,
కార్యదర్శి