సహస్ర అనే పేరు గురించి

అమ్మలూ,

రాత్రి ఫోన్‌లో అల్లుడుగారు పక్కనే ఉన్నారని నువ్వు పొడిపొడిగా మాట్లాడావు. అందుకే ఇది రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

నీ స్నేహితురాలు పంపిన బారసాల కార్డులో పాప పేరు ‘సహస్ర’ అని చూసి ఏడుపొచ్చిందన్నావు. పుట్టబోయే బిడ్డకి పెట్టుకోవాలని పెళ్ళికి ముందు నుంచీ నువ్వు దాచుకున్న పేరది. దాని గురించి తనకు చెప్పింది కూడా నువ్వే. ఇంత చిన్నదానికా అని మీ అత్తగారు అన్నారట. నాకైతే చిన్నగా అనిపించలేదు. మీ పై ఫ్లాట్‌వాళ్ళు అదే పేరు పెట్టుకుని ఉంటే నువ్వు నవ్వి ఊరుకునేదానివి. రోజూ నీతో మాట్లాడే మనిషి, ఒక్క మాటైనా చెప్పకుండా అందరితో పాటు నీకూ కార్డు పంపేసింది చూడు, అది గుచ్చుకుంది నిన్ను.

తను కావాలని చేసిందని మాత్రం అనుకోను. పాపది శతభిషం అన్నావు కదా. ఆ నక్షత్రానికి వచ్చే అక్షరాలు గో, సా, సీ, సూ. పచ్చి బాలింత, నిద్ర లేదు, 21వ రోజు దగ్గర పడుతోంది, అత్తవైపు వాళ్ళొకటి, పుట్టింటివాళ్ళొకటి చెబుతుంటారు. ఆ గొడవలో ‘స’ అనగానే నీ నోట విన్న పేరే తట్టి ఉంటుంది. తర్వాత నీకు చెప్పడానికి మొహం చెల్లలేదేమో.

అయినా నీ మనసులో మాట చెప్పు. స్టేటస్‌లో ఎత్తిపొడుపులు వద్దు, మిగతా స్నేహితుల దగ్గర పంచాయితీ అసలే వద్దు. నాలుగు నోళ్ళు తిరిగేసరికి మాటకి కాళ్ళూ చేతులూ మొలుస్తాయి. బారసాల హడావిడి అయ్యాక ఫోన్ చేసి, “పేరు చూసి కష్టంగా అనిపించిందే, ముందే ఒక్క మాట చెప్పుంటే బాగుండేది” అను. అంతే. పేరు మార్చమని అడగకు, తనేం జవాబు చెప్పినా వాదన పెంచకు.

ఇక నువ్వు దాచుకున్న పేరు సంగతి. నచ్చితే నువ్వూ అదే పెట్టుకో! మన విజయనగరంలో పైడితల్లమ్మ పేరు మీద ఎంతమంది పైడిరాజులు, పైడమ్మలు! సింహాచలం అప్పన్న పేరున ఇంటికో అప్పలరాజు, అప్పలనర్సమ్మ. నెల్లూరు వైపు పెంచలయ్యలు, యాదగిరిగుట్ట చుట్టూ యాదగిరులు, యాదమ్మలు. తాతగారి పేరు అన్నదమ్ములిద్దరూ తమ కొడుకులకు పెట్టుకుంటే ఒకడు పెద్ద సూర్నారాయణ, ఒకడు చిన్న సూర్నారాయణ అయ్యేవాడు. నా పేరు ఎత్తుకుపోయావని ఎవరూ పోట్లాడుకున్నట్టు నేను వినలేదు. అందరికీ ఒకే పేరున్నా పిల్లలు ఎవరికి వాళ్ళే పెరిగారు. కోపంతో మాత్రం వేరే పేరు వెతకకు. అలా దొరికిన పేరుతో జీవితమంతా పిలవాల్సింది నువ్వే.

అయినా పుట్టేది ఆడపిల్లో మగపిల్లాడో తెలీదు, నక్షత్రం తెలీదు, మనకెందుకే ఇప్పుడీ టెన్షన్? పుట్టాక 21 రోజుల్లో జననం నమోదు చేయించాలి కానీ, పేరు అప్పుడే ఇవ్వక్కర్లేదు. 12 నెలల్లోపు రుసుము లేకుండా చేర్చుకోవచ్చు. బారసాలనాడు పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో నీకు మూడు పేర్లు రాశాం. నక్షత్రం పేరు, మీ నాయనమ్మ పేరు, పిలిచే పేరు. మొదటి రెండూ నీకైనా గుర్తున్నాయా?

ఆదివారం బారసాలకి వెళ్ళు. కడుపుతో ఉన్నావు, ఎక్కువసేపు నిలబడకు. పాపకి వెండి మురుగులు నేను కొని అల్లుడుగారి ఆఫీసుకి కొరియర్ చేశాను, శుక్రవారానికి అందుతాయి. ఇంకో మాట. మీ నాన్న పంచాంగం ముందేసుకుని పేర్ల జాబితా రాస్తున్నారు, ఇప్పటికే రెండు పేజీలైంది. ఆయన ఫోన్ చేస్తే పనిలో ఉన్నానని చెప్పు.

మీ అమ్మ