రక్షణ మంత్రి గారూ, మా పిలగానికి ఏ పని వచ్చో ఒక్కసారన్న అడిగిన్రా?

గౌరవనీయులైన కేంద్ర రక్షణ శాఖ మంత్రి గారికి, నర్సంపేట నుంచి ఒక అగ్నివీరుని తండ్రి నమస్కరించి రాయునది.

అర్జీలు పెట్టి పెట్టి యాష్టకొచ్చి ఇట్ల నలుగురి ముందట రాస్తున్న. కలెక్టరాఫీసు ప్రజావాణిల ఇస్తే ఢిల్లీకి రాసుకోమన్నరు. ఢిల్లీకి రాస్తే 'మీ ఫిర్యాదు పరిష్కరించబడింది' అని ఫోన్‌కు మెసేజొచ్చింది. ఏం పరిష్కరించిన్రో మాకైతే తెల్వదు.

మావాడు ఐటీఐ ఎలక్ట్రీషియన్. బోరు మోటార్ల వైండింగ్ షాపులనే పెరిగిండు. కాలిన మోటారు విప్పి చూడంగనే కరెంటు ఒక ఫేజు పోయి కాలిందా, నీళ్లు దిగి కాలిందా చెప్తడు. పాత కాయిల్ చుట్లు లెక్కబెట్టి, అదే గేజు రాగితీగ చుట్టి సాయంత్రానికి బిగించి ఇస్తడు. 2023 జనవరిల అగ్నిపథ్ కింద నాలుగేండ్లకని సైన్యంలకు మొదటి బ్యాచ్‌ల పోయిండు. యూనిట్ పేరు చెప్ప, వానికే ఇబ్బంది. అక్కడ స్టోర్‌ల దుప్పట్లు, బూట్లు లెక్కబెట్టి ఇంగ్లిష్‌ల రిజిస్టర్ రాస్తున్నడు. వానికి రాతపని బడిలనే గిట్టకపోయేది. అది తక్కువ పనని అంటలేను సార్. చక్కటి దస్తూరితోని రాసే పిల్లలు మా ఊళ్లెనే ఉన్నరు, వాళ్లకియ్యున్రి.

ఆఫీసర్లకైతే వాళ్లను ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూల బొమ్మలు చూపి కథలు రాయిస్తరట, 60 మాటలు చూపి ఒక్కోదానికి 15 సెకన్లిస్తరట. మనసు లోపలిదాక చూస్తరన్నట్టు. మావాడు చేరినప్పుడు జవానుకు పరీక్ష, 1.6 కిలోమీటర్ల ఉరుకుడు, మెడికల్, అయిపాయె. వాయుసేనల అడాప్టబిలిటీ టెస్టున్నది గాని, అది ఆ బతుకుల ఇముడుతడా లేదా అని చూసేదే, ఏ పనికి పనికొస్తడో అడిగేది కాదు. అమెరికావోళ్లు 1917లనే చదువు రానోళ్లకు బొమ్మలతోని వేరే పరీక్ష పెట్టిన్రని మా చిన్నబిడ్డ ఫోన్‌ల వెతికి చూపించింది. ఇప్పుడు వాళ్ల వైమానిక దళంల ఏ పని మీద మనసున్నదో గూడ అడుగుతరట. ఖాళీలను బట్టే ఇస్తరు కావొచ్చు, అడుగుడైతే అడుగుతరు కద!

అసలు బాధ వేరే ఉన్నది. నాలుగేండ్ల పనికి మార్కులేసి వంద మందిల 25 మందినే ఉంచుకుంటరు. చేతికి రాని పనిల పడేసి, అదే పనికి మార్కులేస్తే మావాడు ఆ 25ల ఎట్లుంటడు? ఇంటికి పంపేటప్పుడు నేర్చుకున్న పనికి సర్టిఫికెట్ ఇస్తమంటిరి. దుప్పట్లు బాగ లెక్కబెడ్తడని రాసిస్తరా సార్? అది పట్టుకొని ఎవరి దగ్గరికి పోవాలె?

దండం పెడ్త. నాలుగేండ్లు నిండకముందే వాన్ని జనరేటర్ల కాడికో, మోటార్ల కాడికో మార్చున్రి. మార్కులు అటెన్క ఎయ్యున్రి.