తెలుగు కథ కోసం యూరప్‌తో చెయ్యి కలపండి సార్: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్తాను సార్, చాలా ఏళ్ళుగా కథల మీదే పని చేస్తున్నాను. విదేశీ యూనివర్సిటీలతో ఎంఓయూ, అంటే ఒప్పందం, అనగానే మన దగ్గర ఇంజనీరింగూ, ఏఐ, మేనేజ్‌మెంటూ ఇవే వినపడతాయి, అవి వద్దని నేననను, కానీ కథ కోసం కూడా ఒక ఎంఓయూ చేసుకోవచ్చు, అది మన స్తోమతకి అందేదే, ఆ సంగతి చెబుదామనే ఈ ఉత్తరం.

ఫ్రాన్స్‌లో ఆంజే అని ఒక ఊరుంది. జనాభాలో మన శ్రీకాకుళం టౌనుకి కాస్త అటూ ఇటూ, అంతే. అక్కడి యూనివర్సిటీ వాళ్ళు 1983లో అచ్చంగా ఇంగ్లీషు కథ మీదే ఒక జర్నల్ మొదలుపెట్టారు, అది ఇప్పటికీ వస్తోంది, పాత సంచికలు చాలావరకు నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. నవల మీద రీసెర్చ్ చేస్తే గౌరవం, కథ అంటే నవల రాయబోయేవాడు చేసే ప్రాక్టీసు అనుకునే రోజుల్లో ఆ పని పెట్టుకున్నారు వాళ్ళు. పైగా ఇంగ్లీషు ఆ ఫ్రెంచివాళ్ళ సొంత భాష కూడా కాదు కదా సార్.

ఇటు ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ దగ్గర ఆర్మ్‌స్కిర్క్ అనే చిన్న ఊళ్ళో ఎడ్జ్ హిల్ యూనివర్సిటీ ఉంది. 2007 నుంచి ఒకే రచయిత కథల సంపుటికి ప్రైజు ఇస్తున్నారు. అక్కడ ఐల్సా కాక్స్ అని, తను స్వయంగా కథలు రాసే మనిషి, షార్ట్ ఫిక్షన్ ప్రొఫెసర్ అనే హోదాలో పనిచేశారు, 2011లో ఇంకో జర్నల్ కూడా మొదలుపెట్టారు, అందులో కథ గురించి పరిశోధకులూ రాస్తారు, కథలు రాసేవాళ్ళు తమ రాత గురించీ రాస్తారు. మన దగ్గర విమర్శకుడు ఒక సభలో, రచయిత ఇంకో సభలో, ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చునేది తక్కువ. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

ఆంజే, ఎడ్జ్ హిల్ కలిసి వేసిన పునాది మీదే యూరోపియన్ నెట్‌వర్క్ ఫర్ షార్ట్ ఫిక్షన్ రీసెర్చ్ అనే కథా పరిశోధకుల బృందం నిలబడింది. ఒక దేశంలో కథ మీద పని చేసే ఒంటరి మనిషికి ఇంకో దేశంలో తోడు దొరికేలా చేశారు వాళ్ళు. తర్వాత బ్రెక్సిట్ వచ్చింది, 2020 తర్వాత బ్రిటన్ ఎరాస్మస్ అనే యూరప్ విద్యార్థుల మార్పిడి పథకం నుంచి బయటికి వెళ్ళిపోయింది, అయినా ఈ బంధం తెగలేదు. బెల్జియంలో లూవెన్ యూనివర్సిటీలో ఎల్కె డోకర్ ఐర్లండ్ స్త్రీల కథల మీద పుస్తకమే రాశారు. బెల్జియంలో కూర్చుని ఐరిష్ కథ చదివినట్టే, రేపు ఇంకెవరో శ్రీకాకుళం కథ ఎందుకు చదవకూడదు?

ఐర్లండ్ అంటే కార్క్ ఊరి సంగతి చెప్పాలి. కార్క్‌లో పుట్టిన ఫ్రాంక్ ఓకానర్ 1960లలోనే ఒక మాట అన్నాడు, నవల సమాజంలో కుదురుకున్న వాళ్ళది, కథ అంచున పడిపోయిన వాళ్ళది అని, దాదాపు ఆ అర్థంలో. అది చదివినప్పుడు నాకు రావిశాస్త్రి గారి కోర్టు వరండాలూ, కారా మాస్టారి (కాళీపట్నం రామారావు గారి) ఊళ్ళూ కళ్ళ ముందు కదిలాయి. ఓకానర్ పేరు మీద 2005 నుంచి 2015 దాకా కార్క్‌లో అంతర్జాతీయ అవార్డు ఇచ్చారు, 2008లో ఝుంపా లాహిరికి వచ్చింది. అవార్డు ఆగాక ఫెలోషిప్ పెట్టారు, బయటి దేశపు కథకుల్ని పిలిచి కొన్నాళ్ళు ఊళ్ళోనే ఉంచుకుంటారు. శాలువా కప్పి పంపించడం కన్నా ఇది ఎంత మేలు సార్!

మన దగ్గర ఏముందని అడుగుతారేమో. పాలగుమ్మి పద్మరాజు గారి గాలివాన 1952లోనే న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చింది. 1997లో కాళీపట్నం రామారావు మాస్టారు శ్రీకాకుళంలో కథానిలయం అని కథల కోసమే ఒక లైబ్రరీ పెట్టారు, పాత పత్రికలు ఊరూరా వెతికి తెప్పించి కథ అనేదాన్ని వదలకుండా దాచారు. ఆ బీరువాల ముందు నిలబడితే ఏ దేశపు పరిశోధకుడైనా నెలలకొద్దీ కదలడు, నేను రాసిస్తాను. పారిస్‌లో ఇనాల్కో అనే భాషల విద్యాసంస్థలో తెలుగు నేర్పే ఏర్పాటు కూడా ఉంది. ఇన్ని ఉండి కలిపే మనిషి లేడు. ఒకసారి బయటి దేశపు సెమినార్‌కి నా పేపర్ తీసుకున్నారు, ప్రయాణం ఖర్చుకి అప్లికేషన్ పెడితే భాషా సాహిత్యాలకి ఆ పద్దు లేదన్నారు, వెళ్ళలేకపోయాను, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. నా విద్యార్థులకి అలా కాకూడదు.

మన జిల్లా యూనివర్సిటీ ఎచ్చెర్లలో ఉంది, కథానిలయానికి దగ్గరే. వాళ్ళ చేత ఆ యూరోపియన్ నెట్‌వర్క్‌కి ఒక ఉత్తరం రాయించండి. కార్క్‌లో లాగా ఒక అనువాదకుణ్ణో పరిశోధకుణ్ణో ఏటా మూడు నెలలు శ్రీకాకుళంలో ఉంచే ఫెలోషిప్, ఇక్కడి నుంచి ఇద్దరు పిల్లలు అటు వెళ్ళి రావడానికి చార్జీలు, మొదటి ఏడాదికి ఇంతే చాలు. ఉత్తరం డ్రాఫ్టు నేను తయారు చేసి పెట్టాను, ఎవరికి అందజేయాలో మీ ఆఫీసు వాళ్ళు ఒక్క మాట చెప్తే మర్నాడే తెచ్చిస్తాను.

ఇట్లు
శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక తెలుగు మాస్టారు